ఐసీయూలో ఈఈజీ: వైరస్ జబ్బుల్లో మెదడు తరంగాలు ఏం చెబుతాయి?

కోవిడ్ ఉధృతంగా ఉన్న రోజుల్లో ఐసీయూ డాక్టర్లను ఇంటివాళ్లు అడిగిన ప్రశ్నల్లో జవాబు దొరకనిది ఒకటుంది. "ఆక్సిజన్ బాగానే ఉందంటున్నారు, మత్తు ఆపేశామంటున్నారు. మరి మా నాన్న కళ్లెందుకు తెరవట్లేదు డాక్టర్ గారూ?" ఊపిరితిత్తుల సంగతి ఎక్స్‌రే చెబుతుంది. కిడ్నీల సంగతి రక్తపరీక్ష చెబుతుంది. వెంటిలేటర్ మీద ఉన్న మనిషి మెదడు ఆ గంటలో ఎలా పనిచేస్తోందో మంచం దగ్గరే నిలబడి తెలుసుకోవడానికి ఉన్న సాధనం దాదాపు ఒక్కటే, ఈఈజీ. 2020 నుంచి కోవిడ్ రోగుల ఈఈజీల మీద ప్రపంచమంతటా చాలా పరిశోధన జరిగింది. దాన్ని, అంతకుముందు ఇతర వైరస్‌ల మీద జరిగిన పనిని పక్కపక్కన పెట్టి చదివితే నాకు తోచిందేమిటంటే, మొదట్లో మనం ఈఈజీని అది చెప్పలేని విషయం అడిగాం. "వైరస్ మెదడులోకి వెళ్లిందా?" అని అడిగాం. అది బాగా చెప్పగలిగింది వేరే ఉంది: ఈ మనిషి మెదడులో ఇప్పుడు జరుగుతున్నదాంట్లో మన చేతిలో ఉన్నది ఏమిటి?

ఈఈజీ కొత్త పరీక్ష కాదు. జర్మనీలోని యేనా నగరంలో హాన్స్ బెర్గర్ అనే మానసిక వైద్యుడు 1924లో మనిషి తల మీద నుంచి మొదటిసారి మెదడు విద్యుత్తును నమోదు చేశాడు. 1929లో ఆ సంగతి ప్రచురించాడు. సూత్రం ఇప్పటికీ అదే. మెదడు పైపొరలో లెక్కలేనన్ని కణాలు ఒకేసారి స్పందించినప్పుడు పుట్టే వోల్టేజీ, పుర్రె దాటి తలచర్మం మీదికి వచ్చేసరికి కొన్ని పదుల మైక్రోవోల్టులే మిగులుతుంది. గుండె ఈసీజీలో కనిపించే వోల్టేజీతో పోలిస్తే ఇది ఎన్నో రెట్లు తక్కువ. ఐసీయూలో ఈ రికార్డింగ్ కష్టం కావడానికి మూలం ఇక్కడే ఉంది.

ఆ కష్టాన్ని దగ్గర నుంచి చూడాలి. టెక్నీషియన్ టేపు పెట్టి ముక్కు మొదలు నుంచి తల వెనక బుడిపె దాకా కొలుస్తారు. ఆ దూరంలో పది శాతం, ఇరవై శాతం లెక్కన గుర్తులు పెడతారు. జుట్టు పాయ తీసి, దూదితో చర్మం రుద్ది, పేస్టు పెట్టి ఒక్కో ఎలక్ట్రోడ్‌ని అతికిస్తారు. పూర్తి రికార్డింగ్‌కు ఇరవై ఒకటి పెట్టాలి. కోవిడ్ వార్డులో ఈ పనంతా పీపీఈ కిట్ వేసుకుని, కళ్లద్దాలకు ఆవిరి పట్టి, గొంతులో ట్యూబు ఉన్న మనిషి తలకు ఆనుకుని నిలబడి చేయాలి. రోగిని బోర్లా పడుకోబెట్టి ఉంటే నుదుటి మీద ఎలక్ట్రోడ్ నిలవదు. నిలిచినా ఆ ఒత్తిడికి పుండు పడుతుందని భయం. వెంటిలేటర్ ఊపు, చెమట, గుండె చప్పుడు, చుట్టూ ఉన్న కరెంటు వైర్ల 50 హెర్ట్జ్ రొద, అన్నీ ఆ సన్నటి గీతల్లోకి చొరబడతాయి. అంతా అమరాక అసలు పరీక్ష మొదలవుతుంది. తెర మీద పది పది సెకన్ల చొప్పున గీతలు నడుస్తుంటే టెక్నీషియన్ చెవి దగ్గర చప్పట్లు కొడతారు. "పెద్దాయనా, కళ్లు తెరవండి" అని గట్టిగా పిలుస్తారు. గోరు మీద నొక్కుతారు. శరీరం కదలకపోయినా తెర మీద గీతల తీరు మారిందా లేదా అన్నది ఆ క్షణంలో చూడాలి. పిలుపుకు మెదడు స్పందించిందంటే, అది రిపోర్టులో రాయాల్సిన అతి ముఖ్యమైన మాటల్లో ఒకటి. తొందరలో చేసిన రికార్డింగుల్లో తరచుగా వదిలేసేదీ దాన్నే.

మేలుకుని కళ్లు మూసుకున్న ఆరోగ్యవంతుడి మెదడు వెనక భాగంలో సెకనుకు 8 నుంచి 13 సార్లు ఊగే ఆల్ఫా తరంగం ఉంటుంది. మెదడు నలిగినకొద్దీ ఈ లయ మందగిస్తుంది. సెకనుకు 4 నుంచి 7 దాకా ఉంటే థీటా, 4 కన్నా తగ్గితే డెల్టా. ఇంకా దిగజారితే కొన్ని సెకన్ల పాటు గీత దాదాపు చదునుగా సాగి, మధ్యలో ఒక్కసారిగా తరంగాల గుంపు లేచి, మళ్లీ చదునవుతుంది. దీన్ని బర్స్ట్ సప్రెషన్ అంటారు. గాఢమైన మత్తులోనూ ఇది వస్తుంది, ఆక్సిజన్ అందక మెదడు బాగా దెబ్బతిన్నప్పుడూ వస్తుంది. ఒకే గీతకు రెండు అర్థాలుండటం ఈ మొత్తం వ్యవహారంలో పెద్ద చిక్కు.

కొన్ని వైరస్‌ల విషయంలో ఈఈజీ రోగనిర్ధారణకే సాయపడిన చరిత్ర ఉంది. హెర్పిస్ సింప్లెక్స్ వల్ల వచ్చే మెదడువాపులో కణత వైపు నుంచి ఒకటి నుంచి మూడు సెకన్లకోసారి పదునైన తరంగం ఠంచనుగా వస్తుంటుంది. జ్వరంతో పాటు ప్రవర్తన మారిన మనిషికి సీటీ మామూలుగా ఉన్నా, ఈ గీత చూసి హెర్పిస్‌ మందు అసైక్లోవిర్ మొదలుపెట్టవచ్చు. తట్టు వచ్చిపోయిన ఏళ్ల తర్వాత పిల్లల మెదడును తినేసే ఎస్ఎస్‌పీఈ జబ్బులో నాలుగు నుంచి పదిహేను సెకన్లకోసారి పెద్ద తరంగాల గుంపు లేస్తుంది, దాంతోపాటే ఒళ్లు జర్కు కొడుతుంది. ఒకసారి చూసిన న్యూరాలజిస్టు దాన్ని మళ్లీ పోల్చుకోగలరు. మలేసియాలో 1998-99లో నిపా వైరస్ వ్యాపించినప్పుడు, రెండు కణతల నుంచీ విడివిడిగా ఇలాంటి లయబద్ధ తరంగాలు కనిపించిన రోగులు బతకలేదని అక్కడి వైద్యులు నమోదు చేశారు. కాబట్టి కోవిడ్ వచ్చినప్పుడు దీనికీ ఒక ముద్ర దొరుకుతుందని ఆశించడం సహజమే.

తొలి సమాచారం ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ నుంచి వచ్చింది. 2020 మార్చిలో అక్కడి ఐసీయూల్లో ఊపిరితిత్తులు దెబ్బతిని చేరిన 58 మందిని పరిశీలిస్తే, కండరాలను సడలించే మందు ఆపాక 40 మంది తీవ్రమైన అలజడికి లోనయ్యారు. ఎనిమిది మందికి ఈఈజీ చేశారు. వాటిలో కోవిడ్‌కే ప్రత్యేకమైనదేదీ కనిపించలేదు. ఒకరిలో మాత్రం రెండువైపులా మెదడు ముందు భాగాల్లో మందగమనం ఉంది. ఆ తర్వాత న్యూయార్క్ నుంచి 22 మంది కోవిడ్ రోగుల రికార్డింగులు వచ్చాయి. వాటిలో తొమ్మిదింటిలో ఫిట్స్‌కు దారితీయగల పదునైన తరంగాలు కనిపించాయి, ముఖ్యంగా ముందు భాగంలో. అదే ఏడాది 617 మంది రోగుల ఈఈజీలను కలిపి చేసిన సమీక్షలో ఎక్కువగా కనిపించింది మెదడంతటా పరుచుకున్న మందగమనం. దాదాపు మూడోవంతు మందిలో ఏదో ఒక తేడా మెదడు ముందు భాగంలో ఉంది.

ఇక్కడి నుంచి ఒక కథ అల్లుకుంది. కోవిడ్‌లో వాసన పోతుంది, వాసన నాడి ఉండేది ముందు భాగం కిందనే, కాబట్టి వైరస్ ముక్కు దారిన మెదడుకు ఎక్కి అక్కడ చేటు చేస్తోందని. వినడానికి అందంగా అతికినట్టుంది. నాకు మాత్రం మొదటి నుంచీ నమ్మకం కుదరలేదు. అంటువ్యాధి భయంతో చాలా చోట్ల పూర్తి ఎలక్ట్రోడ్లు పెట్టలేదు, నుదుటి చుట్టూ తక్కువ ఎలక్ట్రోడ్లున్న పట్టీలు వాడారు. న్యూయార్క్ రికార్డింగుల్లోనూ చాలావరకు ఎనిమిది చానళ్ల హెడ్‌సెట్‌తో తీసినవే. ఎక్కువగా వెతికిన చోట ఎక్కువగా దొరకడంలో వింత లేదు. పైగా రెప్పల కదలిక, కనుగుడ్డు కదలిక నుదుటి ఎలక్ట్రోడ్లలో నెమ్మది తరంగాల్లాగే కనిపిస్తాయి. రక్తంలో విషపదార్థాలు పేరుకున్న ఏ రోగిలోనైనా మందగమనం ముందు భాగంలోనే గట్టిగా ఉండటం కోవిడ్‌కు ముందూ తెలిసిందే.

శవపరీక్షలు ఈ అనుమానాన్ని బలపరిచాయి. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో కోవిడ్‌తో చనిపోయిన 41 మంది మెదళ్లను పరీక్షించారు. అందరిలోనూ ఆక్సిజన్, రక్తం సరిగా అందని దెబ్బ కనిపించింది. వైరస్ ఆనవాళ్లు మాత్రం చాలా స్వల్పం. జర్మనీలోని హాంబర్గ్‌లో చూసిన మెదళ్లలో సగానికి పైగా వైరస్ జాడ ఉన్నా, దానికీ మెదడులో కనిపించిన మార్పుల తీవ్రతకూ పొంతన లేదు. అంటే ఈఈజీలో కనిపించే మందగమనానికి ప్రధాన కారణాలు ఆక్సిజన్ కొరత, ఒంట్లో చెలరేగిన వాపు, కిడ్నీ కాలేయాల వైఫల్యం, జ్వరం, మనం ఎక్కించిన మత్తుమందులు. సెప్సిస్‌తో ఐసీయూలో ఉన్న ఏ రోగిలోనైనా ఇవే ఉంటాయి. కోవిడ్‌కు సొంత తరంగం లేదని ఇప్పుడు ధైర్యంగా చెప్పవచ్చు.

అంత మాత్రాన పరీక్ష పనికిరానిది కాదు. దాని అసలు అవసరం బయటికి కనిపించని ఫిట్స్ దగ్గర మొదలవుతుంది.

ఫిట్స్ అంటే కాళ్లూ చేతులూ కొట్టుకోవడం, నోట నురగ, కళ్లు తేలేయడం అని మనకు తెలుసు. మెదడు లోపల ఫిట్స్ గంటల తరబడి సాగుతున్నా బయటికి ఒక కనురెప్ప అదురో, పెదవి మూల చిన్న లాగుడో తప్ప ఏమీ కనిపించని సందర్భాలు ఐసీయూలో చాలా ఉంటాయి. కండరాలను సడలించే మందు ఇచ్చి ఉంటే అదీ కనిపించదు. న్యూయార్క్‌లో 570 మంది రోగులకు నిరంతర ఈఈజీ పెట్టి 2004లో ప్రచురించిన అధ్యయనంలో 110 మందికి ఫిట్స్ దొరికాయి. వాళ్లలో 92 శాతం మందికి బయటికి కనిపించే లక్షణమే లేదు. అరగంట రికార్డింగ్‌తో సరిపెడితే ఎంతమంది తప్పిపోతారో కూడా అందులో తేలింది. ఫిట్స్ ఉన్నవారిలో సుమారు 88 శాతం మందికి మొదటి ఫిట్ ఒక రోజు లోపల బయటపడింది. కోమాలో ఉన్నవారికి అంతకన్నా ఎక్కువ సమయం కావలసి వచ్చింది. మెదడుకే ఇన్‌ఫెక్షన్ సోకిన 42 మంది మీద 2008లో వచ్చిన మరో అధ్యయనంలో మూడోవంతు మందికి ఈఈజీలో ఫిట్స్ ఉన్నాయి. ఆ 14 మందిలో బయటికి తెలిసింది ఐదుగురికే. వైరస్ సోకినవారికి ముప్పు ఎక్కువని కూడా తేలింది.

కోవిడ్‌లో ఫిట్స్ ఎంతమందికి అన్న ప్రశ్నకు దొరికే అంకెలు ఒకదానితో ఒకటి పొసగవు. 308 మంది మీద జరిగిన అధ్యయనాలను కలిపి 2021లో లెక్కవేస్తే సుమారు 2 శాతం అని వచ్చింది. అదే ఏడాది తొమ్మిది ఆసుపత్రుల నుంచి 197 మంది రికార్డింగులు చూస్తే 9.6 శాతం వచ్చింది, వాళ్లలో సగానికి పైగా బయటికి కనిపించకుండా ఆగకుండా సాగిన ఫిట్స్. ఈ తేడా వైరస్‌ది కాదు, మన వెతుకులాటది. అరగంట చూసినవారికి తక్కువ దొరికాయి, రోజంతా చూసినవారికి ఎక్కువ. ఎవరికి ఈఈజీ చేశారన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి. అనుమానం ఉన్నవారికే చేశారు కాబట్టి ఈ శాతాలను కోవిడ్ రోగులందరికీ అంటగట్టకూడదు. కానీ ఆ తొమ్మిది ఆసుపత్రుల అధ్యయనంలో ఫిట్స్ దొరికిన రోగుల్లో మరణాలు ఎక్కువగా ఉండటం మాత్రం పక్కన పెట్టలేని విషయం.

మత్తుమందుల సంగతి దీనికన్నా పెద్దదని నా అభిప్రాయం. 14 దేశాల్లోని 69 ఐసీయూల్లో 2,088 మంది కోవిడ్ రోగుల మీద 2021లో వచ్చిన అధ్యయనం చూడండి. పదిమందిలో ఎనిమిది మంది కోమాలో గడిపారు, మధ్యస్థంగా పది రోజుల పాటు. సగానికి పైగా డెలీరియం, అంటే అయోమయంలోనూ పలవరింతల్లోనూ పడ్డారు. మిడజోలాం కుటుంబానికి చెందిన మత్తుమందులు నిరంతరంగా ఎక్కించినవారికి డెలీరియం ముప్పు 59 శాతం ఎక్కువ. ఇంటివాళ్లు వచ్చి చూసినా, వీడియో కాల్‌లో పలకరించినా ముప్పు 27 శాతం తక్కువ. తక్కిన మందులకు కరువొచ్చిన రోజుల్లో మిడజోలాం విపరీతంగా వాడారు. అది కొవ్వులో నిలవ ఉంటుంది, కిడ్నీలు పనిచేయకపోతే దాని అవశేషాలు ఒంట్లోంచి పోవు. అంటే బాటిల్ తీసేశాక కూడా మెదడు రోజుల తరబడి మత్తులోనే ఉండొచ్చు. ఆ మందు ఈఈజీలో తన గుర్తు వదులుతుంది: ముందు భాగంలో సెకనుకు 13కు పైగా వేగంగా సాగే సన్నటి బీటా తరంగాలు. అవి కనిపిస్తే "మెదడు పోయింది" అనే బదులు "ఇంకా మందు దిగలేదు, ఆగుదాం" అనవచ్చు. ఇంటివాళ్లకు ఆ ఒక్క మాట ఎంత ధైర్యమో చెప్పక్కర్లేదు.

ఆగడం ఎంతకాలం అన్నది తరవాతి ప్రశ్న. 2020 వసంతంలో అమెరికా ఆసుపత్రుల్లో ట్యూబు వేసిన 795 మందిని తరవాత లెక్కవేస్తే 72 శాతం మంది "చెయ్యి పైకెత్తండి" అంటే ఎత్తే స్థితికి వచ్చారు. దానికి పట్టిన కాలం మధ్యస్థంగా 30 రోజులు. రక్తంలో ఆక్సిజన్ బాగా పడిపోయిన ఘట్టం ఒక్కటైనా ఉన్నవారికి ఇంకో 16 రోజులు ఎక్కువ పట్టింది. కోలుకున్నవారిలో నాలుగోవంతు మంది వెంటిలేటర్ తీసేసిన పది రోజుల తర్వాత గానీ మాట వినలేదు. గుండె ఆగి బతికిన రోగుల విషయంలో మూడు నాలుగు రోజుల్లోనే జోస్యం చెప్పే అలవాటున్న వైద్యులకు ఇది పెద్ద హెచ్చరిక.

ఇక్కడే బర్స్ట్ సప్రెషన్ కథ మలుపు తిరిగింది. కొందరు కోవిడ్ రోగుల్లో మత్తు లేకపోయినా ఈ గీత కనిపించింది, అయినా వాళ్లు తరవాత లేచి కూర్చున్నారు. బోస్టన్‌కు చెందిన ఎమరీ బ్రౌన్, న్యూయార్క్‌కు చెందిన నికొలస్ షిఫ్ 2022లో ఒక ఊహ ప్రతిపాదించారు. చలికాలమంతా ఆక్సిజన్ లేకుండా మంచు కింద బతికే పెయింటెడ్ తాబేలు మెదడులో కూడా ఇలాంటి గీతే ఉంటుంది. అక్కడ అది మెదడు తనను తాను కాపాడుకునే పద్ధతి. మనిషి మెదడు కూడా అలాగే తలుపు వేసుకుని ఆపద గడిచేదాకా ఆగుతోందేమో అని వాళ్ల వాదన. ఇది నిరూపితం కాదు. కానీ ఒక్క చదునైన గీత చూసి ఆశ వదులుకోకూడదనడానికి ఇది చాలు. వారం తేడాతో తీసిన రెండు రికార్డింగులు, వాటిలో పిలుపుకు స్పందన మారిందా లేదా అన్నది, ఏ ఒక్క రికార్డింగ్‌కన్నా ఎక్కువ చెబుతాయి.

ఈ పరీక్ష వల్ల ప్రాణాలు దక్కుతున్నాయా? దీన్ని దాటవేయకూడదు. స్విట్జర్లాండ్‌లో స్పృహ లేని రోగులను రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి నిరంతర ఈఈజీ, మరో వర్గానికి మామూలు ఈఈజీ చేసి 2020లో ఫలితాలు ప్రకటించారు. నిరంతరం చూసినవారిలో ఫిట్స్ ఎక్కువగా దొరికాయి, సుమారు 16 శాతం. రెండో వర్గంలో 4 శాతం. మందులు మార్చిన సందర్భాలూ పెరిగాయి. ఆరు నెలల తర్వాత చనిపోయినవారి శాతం మాత్రం రెండు వర్గాల్లోనూ ఒకటే, దాదాపు 49. కాబట్టి అందరికీ ఇరవైనాలుగ్గంటల ఈఈజీ పెట్టాలనేవారి వాదన నిలవదు. తెర మీద కనిపించిన ప్రతి పదునైన తరంగాన్నీ మందుతో అణచాలనే తొందర కూడా మంచిది కాదు. గుండె ఆగి బతికినవారి మీద నెదర్లాండ్స్‌లో జరిగిన ప్రయత్నం అలాంటి తరంగాలను గట్టిగా అణచినా ఫలితం మారలేదని తేల్చింది. ఆ రోగులు వేరు, వైరస్ రోగులు వేరు. ఆ తేడా గుర్తుంచుకునే ఈ ఫలితాన్ని వాడుకోవాలి.

మన ప్రాంతానికి ఈ చర్చ దూరమైనది కాదు. 1999లో అనంతపురం జిల్లాలో జపనీస్ మెదడువాపు వ్యాపించింది. 2003లో కరీంనగర్, వరంగల్ సహా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లో 329 మంది పిల్లలు మెదడువాపు లక్షణాలతో పడిపోతే 183 మంది చనిపోయారు, చాలామంది ఆసుపత్రిలో చేరిన రెండు రోజుల్లోపే. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ దానికి చండీపురా వైరస్ కారణమంది. అది మెదడువాపు కాదు, మెదడు రక్తనాళాల దెబ్బ అని వాదించిన వైద్యులూ ఉన్నారు. అంత వేగంగా పిల్లలు పోతుంటే ఈఈజీ తీసే వ్యవధి ఎక్కడిది అనవచ్చు. కానీ వియత్నాంలో జపనీస్ మెదడువాపు సోకిన 144 మంది మీద జరిగిన పని ఒక విషయం చూపించింది. ఫిట్స్ కనిపించిన 40 మందిలో 24 మంది చనిపోయారు లేదా తీవ్రమైన వైకల్యంతో మిగిలారు. ఆగని ఫిట్స్‌లో ఉన్న 25 మందిలో 15 మందికి బయటికి కనిపించింది వేలి అదురో, కంటి కదలికో మాత్రమే. అలాంటి బిడ్డను చూసి "నిద్రపోతోంది" అనుకోవడం ఎంత సులువో ఆలోచించండి. ఈ జబ్బులకు వైరస్‌ను చంపే మందు లేదు. ఫిట్స్ ఆపే మందు మాత్రం జిల్లా ఆసుపత్రిలోనూ ఉంది.

జిల్లా ఆసుపత్రుల్లో రాత్రి వేళ ఈఈజీ టెక్నీషియన్ దొరకడం కష్టం, చదివే న్యూరాలజిస్టు దొరకడం ఇంకా కష్టం. కోవిడ్ కాలంలో తప్పనిసరై వాడిన ఎనిమిది చానళ్ల హెడ్‌సెట్ ఇక్కడ నిజంగా పనికొస్తుంది. దాంతో సూక్ష్మమైన తేడాలు తెలియవు, ముందు భాగం గురించి పెద్ద సిద్ధాంతాలు చేయకూడదు. ఆగని ఫిట్స్ ఉన్నాయా లేవా అన్నది మాత్రం చాలావరకు తెలుస్తుంది. నర్సులకు నేర్పవచ్చు, రికార్డింగ్‌ను హైదరాబాద్‌కో విశాఖకో పంపి చదివించవచ్చు. ఎక్స్‌రేలు అలా పంపి చదివించడం మనకు అలవాటే.

ఇంకో చిన్న పనికి ఖర్చే లేదు. ఈఈజీ కోసం పంపే స్లిప్ మీద "స్పృహ లేదు, ఈఈజీ చేయగలరు" అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టకుండా, ఏ మత్తుమందు ఎంత మోతాదులో ఎన్నాళ్లు ఇచ్చారో, ఏ గంటకు ఆపారో, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంతో, ఆక్సిజన్ ఎప్పుడు ఎంత పడిపోయిందో డ్యూటీ డాక్టర్ నాలుగు వరసల్లో రాయాలి. రికార్డింగ్ జరుగుతుండగా రోగిని పిలిచారా, పిలిస్తే గీత మారిందా అన్నది టెక్నీషియన్ అదే కాగితం మీద రాయాలి. ఇవి లేకుండా వచ్చిన "డిఫ్యూజ్ స్లోయింగ్" (మెదడంతటా మందగమనం) అన్న రిపోర్టుతో మంచం పక్కన నిలబడిన కొడుక్కి ఏ డాక్టరూ ఏమీ చెప్పలేరు. ఇవి ఉంటే, ఎన్నాళ్లు ఆగాలో, మళ్లీ ఎప్పుడు రికార్డింగ్ తీయాలో చెప్పగలరు.